బొమ్మల నోటుబుక్కులో మా ఇల్లు

విలువల మీద బొమ్మ వేయండి, వ్యాసం రాయండి అంటారు బడిలో. ఎవరి విలువలు? బాలాపూర్ అనగానే గణేశ్ లడ్డూ వేలమే గుర్తు. 1994లో 450 రూపాయలతో మొదలైన వేలం అది. ఊరి చరిత్రే, పిల్లల్ని వెయ్యనీండి. అదే బాలాపూర్‌లో రోహింగ్యా శరణార్థుల గుడిసెలూ ఉన్నాయి. ఆ గుడిసె ఏ పిల్లాడి కాగితం మీదికి రావాలి?

లడ్డూ వేస్తే సంస్కృతి, జానమాజ్ వేస్తే మతం! ఈ కొలబద్దను మేం ఒప్పుకోం.

మా పిల్లలు ఇంట్లో ఉర్దూలో అలుగుతారు, బడిలో తెలుగులో రాస్తారు. ఆ రెంటి మధ్య రాలిపోయేది వాళ్ల బతుకే. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లోనే వచ్చింది, 'జల్‌జలా' 1998లో. పెద్దలకు దక్కిన ఆ గొంతు పిల్లల నోటుబుక్కు దాకా రాలేదు. సార్లూ, ముందు 'అమ్మీ' అన్న మాట మీద ఎర్రసిరా గీత కొట్టడం మానండి.