తీగ దాకా వచ్చి ఆగిన పుస్తకం

ఢిల్లీలో ఐ.ఐ.టి.కి, జె.ఎన్.యు.కి నడుమ ఉన్న బేర్ సరాయ్ దుకాణాల్లో పోటీ పరీక్షల గైడ్లు, జిరాక్స్ నోట్సులు విరివిగా దొరుకుతాయి. కంప్యూటర్ చదివే మీరు ఆ గైడ్ల కంటే ముందు చదవవలసిన పుస్తకం ఒకటుంది. దాని పేరు ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’. ఏబెల్సన్, సస్మన్‌లు జూలీ సస్మన్ తోడ్పాటుతో రాసిన ఈ గ్రంథం 1985లో, దాని రెండో కూర్పు 1996లో వచ్చాయి. భారతీయ ముద్రణను హైదరాబాద్‌లోని యూనివర్సిటీస్ ప్రెస్ తెచ్చింది.

ఇందులోని ప్రోగ్రాములన్నీ లిస్ప్ కుటుంబానికి చెందిన స్కీమ్ భాషలో ఉంటాయి. రెండో కూర్పులో కొత్తగా చేరిన విషయాల్లో ముఖ్యమైనది, ఏకకాలంలో నడిచే ప్రక్రియల గురించిన భాగం. ఒక ఖాతాలో 100 డాలర్లున్నాయి. పీటర్ 10, పాల్ 25 తీశారు. మిగలవలసింది 65. కాని ఇద్దరూ ఒకేసారి 100 అని చదువుకుని లెక్క వేస్తే, చివర రాసినవారి అంకే నిలుస్తుంది. అది 75 కావచ్చు, 90 కావచ్చు. దీనికి రచయితలు చూపిన ఉపాయం కాపలాదారు వంటిది: ఒకరి పని ముగిసేదాకా మరొకరిని లోపలికి రానివ్వదు. ఇంత తేటగా ఈ చిక్కును విప్పి చెప్పిన పాఠ్యపుస్తకాలు అరుదు.

అయితే ఆ కాపలాదారు పనిచేయాలంటే ఇద్దరికీ అందుబాటులో ఉండే జ్ఞాపకస్థానం ఒకటి కావాలి. పీటర్ ఢిల్లీలో, పాల్ విజయవాడలో వేర్వేరు కంప్యూటర్ల ముందు కూర్చుంటే? అప్పుడు వారి మధ్య ఉండేది తీగ మాత్రమే. ఈ ప్రశ్నను రచయితలు మరచిపోలేదు. ఆ భాగం చివర శాఖలున్న బ్యాంకును ప్రస్తావించి, సాపేక్షతా సిద్ధాంతంతో పోల్చి, కొద్ది పేరాల్లో ముగించారు. నా అభ్యంతరం ఇక్కడే. మీకు అసలు పాఠం అక్కడే మొదలవుతుంది.

నిజానికి లిస్ప్ ఈ పనికి ఎంతో అనువైనది. అందులో ప్రోగ్రాము, దత్తాంశం రెండూ కుండలీకరణాల్లోని జాబితాలే. వాటిని అక్షరాలుగా రాసి పంపితే అవతలి లిస్ప్ నేరుగా చదువుకుంటుంది. ఈమాక్స్ ఎడిటర్‌ను కామన్ లిస్ప్‌తో కలిపే స్లైమ్ (2003) చేసేది ఇదే. టి.సి.పి. సంధానంలో బైట్లు వరసగానే వస్తాయి కాని, సందేశాల హద్దులు నిలవవు. అందుకే స్లైమ్ ప్రతి సందేశానికి ముందు ఆరు షోడశాంశ అంకెల్లో దాని పొడవు పంపుతుంది. 16 బైట్ల సందేశానికి 000010 అన్నమాట. ఒక హెచ్చరిక: తెలియనివారు పంపిన జాబితాను ప్రోగ్రాముగా నడిపించడమంటే ఇంటి తాళంచెవి దారినపోయేవారికి ఇవ్వడమే.

హద్దులు తెలిసినా మరో చిక్కు మిగులుతుంది. ‘25 తియ్యి’ అని పాల్ పంపాడు. జవాబు రాలేదు. సందేశమే చేరలేదా, లేక డబ్బు తీశాక జవాబు దారిలో పోయిందా? పాల్‌కు తెలిసే మార్గం లేదు. మళ్లీ పంపితే 50 పోవచ్చు. ఊరుకుంటే పని జరగకపోవచ్చు. ఫోన్‌లో డబ్బు కట్టినప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గి, టికెట్టు మాత్రం రాని అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. దానికి మూలాల్లో ఇదొకటి. కాపలాదారుడు దీన్ని ఆపలేడు. ప్రతి కోరికకు ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్య మళ్లీ వస్తే బ్యాంకు పాత జవాబునే తిరిగి పంపాలి. అప్పుడు పదిసార్లు పంపినా 25 మాత్రమే పోతుంది.

ఈ ఒక్క అధ్యాయం లేదని పుస్తకాన్ని వదలకండి. మూడో అధ్యాయం శ్రద్ధగా చదవండి. తరువాత స్కీమ్ సంతతికి చెందిన రాకెట్ భాషలో ఆ ఖాతాను రెండు కంప్యూటర్ల మధ్య నడిపి చూడండి. మధ్యలో తీగ పీకండి. పుస్తకం చెప్పకుండా విడిచిన పాఠం అప్పుడు మొదలవుతుంది.