గుర్రాలు నడిచిన గట్టు, పట్టాలు తీసిన కట్ట

ఫ్రాన్స్ పల్లెసీమల్లో మోటారు వాహనాలకు ప్రవేశం లేని సైకిల్ దారులను ‘వ్వా వెర్ట్’ అంటారు. పచ్చబాట అని దాని అర్థం. నడిచేవాళ్లకు, సైకిళ్లకు, గుర్రపు స్వారీ చేసేవాళ్లకు కేటాయించిన మార్గంగా అక్కడి రహదారి నియమావళి 2004లో దానికి నిర్వచనం ఇచ్చింది. బాట మొదట్లో ఈ ముగ్గురి బొమ్మలతో నీలం రంగు పలక ఉంటుంది. ‘వెలోరూట్’ అనేది వేరే మాట. అది వందల కిలోమీటర్లు సాగే సైకిల్ మార్గం. పచ్చబాటలను, వాహనాలు అరుదుగా తిరిగే ఊరి రోడ్లను కలుపుకుంటూ పోతుంది. యాత్రకు బయల్దేరేవాళ్లు మొదట తెలుసుకోవలసిన తేడా ఇదే. పచ్చబాట మీద పసిపిల్లలతో కూడా నిశ్చింతగా వెళ్లవచ్చు. వెలోరూట్ మీద అప్పుడప్పుడూ ఒక కారో ట్రాక్టరో ఎదురవుతుంది.

పచ్చబాటల్లో చాలా భాగం సైకిల్ కోసం పుట్టినవి కావు. కొన్ని రైలు కోసం పోసిన కట్టలు, కొన్ని గుర్రాలు పడవలను లాగడానికి వేసిన కాలువ గట్లు. వాటి వాలు, వెడల్పు, మలుపు అన్నీ ఆనాటి అవసరాన్ని బట్టి ఏర్పడ్డవే. దారి ఎక్కడ హాయిగా సాగుతుందో, ఎక్కడ ఇబ్బంది పెడుతుందో ఆ పాత అవసరమే చెబుతుంది.

ముందు రైలు సంగతి. 1870ల చివర్లో ప్రజాపనుల మంత్రిగా ఉన్న షార్ల్ ద ఫ్రేసినే, దేశంలోని చిన్న పట్టణాలకు కూడా రైలు అందాలని పెద్ద ప్రణాళిక వేశాడు. దాని పుణ్యాన ద్రాక్షతోటల మధ్య, కొండల అంచున, ఏ పెద్ద ఊరూ లేని లోయల్లో సైతం పట్టాలు పడ్డాయి. తర్వాత బస్సులూ కార్లూ వచ్చాయి. 1930ల నుంచి ఆ చిన్న లైన్లు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. పట్టాలు తీసేశాక కట్ట మిగిలింది. ఆవిరి ఇంజను నిట్టనిలువు ఎత్తు ఎక్కలేదు కాబట్టి అలాంటి లైన్ల వాలు నూటికి మూడు మించడం అరుదు. ఆనాటి ఇంజనీర్లు కొండను తొలిచారు, వాగు మీద వంతెన కట్టారు, పల్లం కనిపిస్తే మట్టి పోసి ఎత్తు చేశారు. ఇంజను కోసం పడ్డ ఆ శ్రమంతా ఇప్పుడు సామాను కట్టుకున్న సైకిల్‌కు కలిసి వస్తోంది.

ఈ వరసలో మొదటిది బుర్గుండి ప్రాంతంలోని జివ్రీ–క్లూనీ బాట. 1997లో తెరిచిన ఈ 44 కిలోమీటర్ల దారిని ఫ్రాన్స్‌లో తొలి పచ్చబాటగా చెబుతారు. జివ్రీ దగ్గర ద్రాక్షతోటలతో మొదలై బుక్సీ, సాన్-జాంగూ మీదుగా కార్మతాన్ కోట పక్క నుంచి సాగి, 910లో స్థాపించిన మఠం ఉన్న క్లూనీకి చేరుతుంది. క్లూనీ దాటి దక్షిణంగా మాకాన్ వైపు వెళ్తే బువా క్లేర్ సొరంగం వస్తుంది. పొడవు దాదాపు 1.6 కిలోమీటర్లు. చలికాలంలో అందులో గబ్బిలాలు నిద్రపోతాయి కనుక ఆ నెలల్లో సొరంగాన్ని మూసేస్తారు. సైకిళ్లు కొండ మీదుగా పోవాలి. రైలు వదిలేసిన చోటును గబ్బిలాలూ యాత్రికులూ వంతులవారీగా వాడుకుంటున్న ఏర్పాటు ఇది. ఈ బాటల స్వభావానికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక కాలువ గట్టు సంగతి. గోదావరి డెల్టాలో మనుషులు గట్టున నడుస్తూ పడవలను తాళ్లతో లాగినట్టే ఫ్రాన్స్‌లో గుర్రాలూ మనుషులూ లాగేవారు. నీరు చదునుగా నిలిచేది కాబట్టి గట్టూ చదునే. ఎత్తు మారేది లాకుల దగ్గర మాత్రమే. బుర్గుండి కాలువ 242 కిలోమీటర్ల పొడవున 189 లాకులతో కొండ ఎక్కి దిగుతుంది. తొక్కేవారికి అది లాకుకో చిన్న ఎగుడు; మిగతాదంతా చదును. లాకు పక్కన కాపరి ఇల్లు, ఇంటి ముందు పూలమొక్కలు. దక్షిణాన ఉన్న మిది కాలువ మీద ఆ ఇళ్ల గోడలకు లాకు పేరు, పక్క లాకులకు ఎంత దూరమో రాసిన పలకలు ఉంటాయి. పడవవాళ్ల కోసం పెట్టిన ఆ లెక్క ఇప్పుడు సైకిల్ యాత్రికులకు మైలురాయి.

మిది కాలువను పియేర్-పోల్ రికే 1666లో మొదలుపెట్టాడు. టులూజ్ నుంచి మధ్యధరా తీరంలోని ‘తో’ సరస్సు వరకు 240 కిలోమీటర్లు, 1681లో పూర్తయింది. రికే అంతకు ముందు ఏడాదే చనిపోయాడు. టులూజ్ నుంచి తూర్పుగా మొదటి 50 కిలోమీటర్లు నున్నని తారుబాట. ఆ తర్వాత చాలా చోట్ల సన్నని మట్టిదారి, దాని మీదికి పొడుచుకొచ్చిన చెట్ల వేర్లు. అక్కడ సన్నటి టైర్లు పనికిరావు. ఆ వేర్లు ప్లేన్ చెట్లవి. నీడ కోసం, గట్టును పట్టి ఉంచడం కోసం నాటిన ఆ చెట్లు ఒకప్పుడు దాదాపు 42 వేలు. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు సోకినట్టు బయటపడింది. మందు లేదు. వేల చెట్లను కొట్టి కాల్చి, వాటి చోట వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. నీడ లేని ఆ భాగాల్లో జులై ఎండకు తొక్కడం కష్టమే. కొత్త మొక్కలు గట్టుకు గొడుగు పట్టేదాకా ఓపిక పట్టాలి. టులూజ్‌కు పడమర సాగే గారోన్ కాలువ మీద మట్టిదారి చిక్కు లేదు. అక్కడి బాట చాలామటుకు తారుదే.

ఇవన్నీ ముక్కలు. వాటిని కలిపి కుట్టేవి వెలోరూట్‌లు. వాటిలో ప్రసిద్ధమైన ‘లువార్ ఆ వేలో’ నెవేర్ పరిసరాల నుంచి అట్లాంటిక్ తీరం దాకా లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్లు సాగుతుంది. అది అట్లాంటిక్ నుంచి నల్లసముద్రం వరకు వెళ్లే యూరోవెలో 6లో భాగం. నదితోపాటు సముద్రం వైపు దిగడం సులువనిపిస్తుంది గాని ఆ లోయలో ఎక్కువగా వీచేది పడమటి గాలి. నది వాలు కంటికి ఆనదు, ఎదురుగాలి మాత్రం మోకాళ్లకు తెలుస్తుంది. అందుకే కొందరు ఏటికి ఎదురుగా, గాలిని వీపున పెట్టుకుని వెళ్తారు.

బాట లేని చోట చిన్న రోడ్లే దిక్కు. మిషెలిన్ పటంలో పెద్ద రోడ్లు ఎరుపు, నడిమివి పసుపు, మిగిలిన చిన్నవి తెలుపు. రెండు పల్లెల మధ్య తెల్ల గీతలను ఏరుకోవడమే అసలు విద్య. తెల్ల గీత నదిని దాటేది ఎక్కడో, రైలు లైను కిందుగా దూరేది ఎక్కడో చూసుకోవాలి. పెద్ద రోడ్డుకు సమాంతరంగా సాగే చిన్న రోడ్డు మంచిది. పెద్ద రోడ్డుకు అడ్డదారిగా ఉపయోగపడేది మంచిది కాదు, వాహనాలు దాన్నే వెతుక్కుంటాయి. ఊరి బయట సైకిల్‌ను దాటే వాహనం మీటరున్నర ఎడం పాటించాలన్నది అక్కడి నియమం.

ఈ దారుల్లో రోజుకు ఎంత దూరం వెళ్లాలన్నది పల్లె గడియారం నిర్ణయిస్తుంది. ఊరి అంగళ్లు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసి ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏదీ దొరకదు, చాలా ఊళ్లలో సోమవారమూ అంతే. అందుకే పొద్దున్నే రొట్టె కొని సంచిలో పెట్టుకోవాలి. నీళ్లకు పాతకాలపు ఉపాయం ఊరి శ్మశానం: పూలకు నీళ్లు పోసేందుకు అక్కడ కుళాయి ఉంటుంది. తాగరాదని పలక ఉందేమో చూసుకుని పట్టుకోవాలి. రాత్రికి చాలా ఊళ్లలో పంచాయతీ నడిపే డేరాల మైదానం ఉంటుంది. అలసిపోతే ప్రాంతీయ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు.

ఈ నిదానపు యాత్రకు ఫ్రాన్స్‌లో పెద్దదిక్కు సాన్-తెత్యెన్‌కు చెందిన పోల్ ద వివీ (1853–1930). వేలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. 1887లో సైకిల్ పత్రిక పెట్టాడు. ఆకలి కాకముందే తినమనీ, గొప్ప కోసం తొక్కవద్దనీ చెప్పాడు. గేర్లు మార్చుకునే సైకిల్ మామూలు మనిషిని కొండ ఎక్కిస్తుందని జీవితమంతా వాదించాడు. ఆయన పోయాక, 1936లో కార్మికులకు రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టమైనప్పుడు ఎంతోమంది సైకిళ్లెక్కి తొలిసారి సముద్రం చూడబోయారు. పందేలవాళ్లు మాత్రం ఆయన సమర్థించిన గేరు మార్చే పరికరాన్ని చాలాకాలం దూరం పెట్టారు. టూర్ ద ఫ్రాన్స్ దాన్ని 1937లో గాని అనుమతించలేదు. ఆ ఏడాది దానితోనే గెలిచిన రోజే లాపెబీ పేరు ఇప్పుడు బోర్డో దగ్గరి నుంచి సోవ్‌తేర్-ద-గియెన్ దాకా ద్రాక్షతోటల మధ్య సాగే పచ్చబాటకు ఉంది. దారిలో క్రెయోన్ ఊరి పాత స్టేషన్ సైకిల్ యాత్రికుల కేంద్రమైంది. ఆ బాటా పట్టాలు తీసిన రైలు కట్టే.