అంతర్జాతీయ గీతము – ఉత్తమపురుష బహువచనము

గేయమునకు మాతువు, ధాతువు అని రెండంగములు గలవని సంగీతశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పదరచన మాతువు, స్వరరచన ధాతువు. సోవియట్టు రాజ్యమునకు జాతీయగీతములైన రెండు పాటలయందును ఈ యంగములకు పట్టిన గతి వేరువేరు.

మొదటిది అంతర్జాతీయ గీతము. 1871లో పారిస్ కమ్యూను కూలినపుడు యూజెన్ పోతియే దీనిని ఫ్రెంచిభాషలో రచించెను. కవి 1887లో గతింపగా, మరుసటి యేట పియేర్ దెగేతేరు స్వరము గూర్చెను. 1902లో కోత్స్ రష్యనులోనికి తెచ్చిన మూడు చరణములు విప్లవానంతరము జాతీయగీతమై 1944 వరకు నిలిచినవి. సైనికులను సేనానులపై తిరుగబడుమనెడి చరణము ఆ మూటిలో లేదు. ఉన్నచో ఏ రాజ్యము దానిని తన సేనచే పాడించుకొనగలదు?

1944లో వచ్చిన గీతమునకు అలెగ్జాండ్రోవు వరుస. మిహల్కోవు, ఎల్-రెగిస్తాను పదకర్తలు. అందు స్టాలిను పేరు చేరెను. నరాంకిత కృతులకు పట్టు గతి తెలుగు పండితులకు క్రొత్తగాదు. 1953లో ఆ నాయకుడు గతించిన కొలదికాలమునకే మాతువు తొలగి, 1977 వరకు ధాతువు మాత్రమే మ్రోగెను. ఆ యేట మిహల్కోవే పదములను దిద్దెను. 1991లో రాజ్యమే లేకపోయినది. 2000లో అదే వరుసకు అతడే మూడవమారు పదములు గూర్చి రష్యాకిచ్చెను. వరుస గంభీరమే. కాని ఏ పదములనైన మోయు వరుసకు పదములతో చుట్టరికమున్నదనుట కష్టము.

అంతర్జాతీయ గీతమున ఏ రాజ్యము పేరును లేదు, ఏ నాయకుని పేరును లేదు. రాజ్యము విడిచినను అది చెడలేదు. తెలుగునాట కమ్యూనిస్టుల సభలయందు నేటికిని వినవచ్చుచున్నది. అయితే తెలుగు చేయువానికి ఇందొక చిక్కు గలదు. ఫ్రెంచి, రష్యను భాషలయందు ఉత్తమపురుష బహువచనరూప మొక్కటే; ఉర్దూలో 'హమ్' అట్టిదే. కాచిగూడకు చేరువనున్న హిమాయత్‌నగరున మఖ్దూం భవనము ఎవరి పేర వెలసినదో, ఆ మఖ్దూం మొహియుద్దీను (1908–1969) వంటి ఉర్దూకవికి ఈ బాధ లేదు. తెలుగువాడు 'మేము', 'మనము'లలో నొకదానిని ఏరుకొనవలెను.

పల్లవి వినువారిని పోరునకు కూడుకొమ్మని పిలుచును. అచట 'మనము' తగును. భూమి శ్రామికులదే కాని సోమరులది కాదని చాటు తుదిచరణము ఎదిరికి చెప్పుమాట. అచట 'మేము' రావలెను. ఎల్లెడల 'మనము' నిలిపిన అనువాదము చెవికింపుగానే యుండును. సోమరియు లేచి గొంతు కలుపును. పల్లవియందును 'మేము' నిలిపినచో పిలుపే చెడును.