మెలిక మణికట్టుది కాదు

గద్వాల అంటే బయటివాళ్లకు చీర గుర్తొస్తుంది. గట్టు మండలం వైపు వస్తే సీడ్ పత్తి చేలు కూడా చూడాలి. పూత మొదలైందంటే క్రాసింగ్ పని. ఇక్కడి నడిగడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, మిగతావాళ్ల కోసం: రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, అడుగున బొటనవేలి గోరు దించి, చిన్న మెలిక పెట్టి లాగుతారు. పూరేకులూ, వాటితోపాటే పుప్పొడి కేసరాల గొట్టమూ ఊడొస్తాయి. లోపలి పిందెకు గీత పడకూడదు. తెల్లారి మగ రకం పువ్వు తెచ్చి రుద్దుతారు. ఒక్కో పువ్వుకూ ఇదే వరస.

ఈ పని చేసే కూలి ఆడవాళ్ల చేతి నేర్పు చూసి అంతా మణికట్టునే మెచ్చుకుంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. మణికట్టు ముందుకూ వెనక్కూ వంగుతుంది, పక్కలకు కాస్త ఊగుతుంది, అంతే. మెలిక దాని వల్ల కాదు.

మోచేతిని నడుముకు ఆనించి మడవండి. మోచేతి బయటివైపు ఎముక బుడిపె ఉంటుంది. దానికి కాస్త ముందు, మణికట్టు వైపున, రెండో చేతి బొటనవేలు నొక్కి ఉంచి, అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. వేలి కింద గుండ్రంగా ఒకటి దొర్లుతుంది. అది ముంజేతిలో బొటనవేలి వైపున్న రత్ని ఎముక తల. పక్కనున్న అరత్ని ఎముకలో చిన్న నొక్కు, దాని అంచుల నుంచి తలను చుట్టేసిన గట్టి నారబంధం, రెండూ కలిస్తే పూర్తి ఉంగరం. ఆ ఉంగరంలో తల తిరుగుతుంటే, రత్ని కింది కొన అరత్ని మీదుగా అడ్డంగా దాటి అరచేతిని బోర్లిస్తుంది. బడి పుస్తకాలు బొంగరపు కీలు అనగానే మెడను చూపిస్తాయి. ఇదీ ఆ జాతిదే, అంతగా చెప్పరు.

మెలిక పెట్టి లాగే పని ఎడతెగకుండా చేస్తే మోచేతి బయటివైపు సలపరం రావచ్చు. అది ఎక్కువగా ఈ కీలుది కాదు, ఆ బుడిపెకు అంటుకున్న కండరాల స్నాయుబంధనాలది. నొప్పి మణికట్టు దాకా పాకితే జండూబామ్ అక్కడే రాస్తారు.

బామ్‌తో పోయేదైతే పోనీ. పడ్డప్పుడు మాత్రం జాగ్రత్త. ముంజేతిలో అరత్ని విరిగితే ఒక్కోసారి రత్ని తల పైన ఉంగరంలోంచి జారిపోతుంది. మిలాన్ వైద్యుడు మాంటెజ్జియా 1814లోనే దీన్ని వర్ణించాడు. విరిగిన చోటు అతికినా, జారిన తలను వదిలేస్తే చెయ్యి సరిగా తిరగదు. పిల్లవాడు చేతి మీద పడి ముంజేయి వాస్తే, ఎక్స్‌రేలో మణికట్టుతో పాటు మోచేయి కూడా పడేలా తీయమని అడగండి.