ఆర్థికశాస్త్రంలో మహిళలు: సహరచనకు దక్కే విలువ

1885లో ఏర్పడిన అమెరికన్ ఎకనమిక్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలు ఆలిస్ రివ్లిన్, అది 1986. హార్వర్డ్ ఆర్థికశాస్త్ర విభాగంలో శాశ్వతాచార్య పదవి పొందిన తొలి మహిళ క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ దక్కింది. ఇటువంటి ‘తొలి’ ఘనతలను లెక్కించి, ఉన్నత స్థానాలు కాలక్రమంలో వాటంతటవే స్త్రీలకు అందుతాయనడం పరిపాటి. హీథర్ సార్సన్స్ అధ్యయనం ముందు ఆ వాదం నిలవదు. అమెరికా విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలలో, ఒంటరిగా రాసిన వ్యాసాలు శాశ్వత నియామకానికి స్త్రీపురుషులిద్దరికీ ఇంచుమించు సమానంగానే తోడ్పడ్డాయి. పురుషులతో కలిసి రాసినవి మాత్రం స్త్రీలకు తక్కువగా తోడ్పడ్డాయి. ఈ శాస్త్రంలో రచయితల పేర్లు సాధారణంగా అక్షరక్రమంలో ఉంటాయి. ఎవరి కృషి ఎంతో వ్యాసం చెప్పదు, నిర్ణేతలు ఊహించాలి. ఆ ఊహ పురుషుని వైపు మొగ్గుతున్నదనే భావించాలి. శ్రమకు విలువకట్టే శాస్త్రానికి ఇది చిన్న లోపం కాదు. కృషిననుసరించి పేర్లు అమర్చే సమాజశాస్త్రంలో అటువంటి వ్యత్యాసం సార్సన్స్‌కు కనిపించలేదు.