అవధాని ఇంటికొచ్చాక

అష్టావధానమంటే ప్రశ్నలు వేసే ఎనిమిది మంది పృచ్ఛకుల మధ్య అవధాని ఒక్కడే కూర్చోవడం. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు నిషిద్ధాక్షరితో అక్షరమక్షరానికీ అడ్డుపడతారు. పద్యం ఆవృత్తికి ఒక్కో పాదంగా సాగుతుంటే, అప్రస్తుత ప్రసంగి వంకాయకూర సంగతి ఎత్తుతాడు. గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క ఉండాలి. చివర్లో ధారణ: చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పాలి. నాకైతే అదే అసలు విద్య.

తిరుపతి వేంకట కవులు ఈ విద్యతోనే సంస్థానాలు తిరిగారు, గద్వాల, ఆత్మకూరు దాకా. ఆ జంటలో ఒకరైన చెళ్లపిళ్ల వారే బందరులో తెలుగు పాఠం చెబితే, కవి విశ్వనాథ సత్యనారాయణ బెంచీ మీద కూర్చుని విన్నారు.

ఇప్పటి అవధాని తెల్లవారుజామున బస్సు దిగి, శాలువా బీరువాలో పెడతాడు.

"పాల ప్యాకెట్ తెమ్మన్నాను కదండీ!"

రాత్రి ధారణలో ఒక్క అక్షరం జారనివాడు మళ్లీ చెప్పులు తొడుక్కుంటాడు.