సుమతీ శతకమూ సొలొమోను సామెతలూ

సుమతీ శతకంలో చీమలు పామును చంపుతాయి. బలముంది కదా అని పదిమందినీ తీసిపారేసేవాడికి బద్దెన చూపించే సాక్ష్యం అది. బైబిల్లోని సామెతల గ్రంథంలోనూ చీమ ఉంది కానీ అక్కడ అది ఎవరి జోలికీ పోదు. పైన అధికారి లేకున్నా, వెనక నిలబడి అదిలించేవాడు లేకున్నా, కోతకాలంలో తన తిండి తాను కూర్చుకుంటుంది. వెళ్లి దాన్ని చూసి నేర్చుకోమని ఆరో అధ్యాయం సోమరిని మందలిస్తుంది. బద్దెన చీమలు గుంపుగా గెలుస్తాయి, సామెతల చీమ ఎవరూ చూడకపోయినా పని చేస్తుంది. ఈ రెండు పుస్తకాల మధ్య తేడా నాకు మొదట ఇక్కడే కనిపిస్తుంది. సుమతి లోకంలో ఎవరిని ఎంతవరకు నమ్మాలో చెబుతుంది, సామెతలు నిన్ను నువ్వు ఎంతవరకు నమ్ముకోవచ్చో అడుగుతాయి.

సుమతిని తెలుగు పాఠకుడికి పరిచయం చెయ్యక్కర్లేదు. కాకతీయుల కాలపు బద్దెన పేరు మీద నిలిచిన కందపద్యాలు అవి. కర్తృత్వం మీద పండితుల్లో వాదం ఉన్నా, పద్యాలు మాత్రం పిల్లల నోటిమీదే ఉన్నాయి. సామెతల గ్రంథం అంత పరిచితం కాదు. 31 అధ్యాయాలు. సొలొమోను పేరు ముందున్నా అది ఒక్కరి రచన కాదు: హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాసిన భాగం ఒకటి, ఆగూరు అనే ఆయన మాటలు కొన్ని, లెమూయేలు రాజుకు తల్లి చెప్పిన బుద్ధులు కొన్ని. 22వ అధ్యాయం చివర మొదలయ్యే భాగం ప్రాచీన ఈజిప్టు నీతిగ్రంథమైన అమెనెమోపే ఉపదేశానికి ఎంత దగ్గరో 1924లో ఈజిప్టు చరిత్ర పండితుడు అడాల్ఫ్ ఎర్మన్ చూపించాడు. అలాగే సుమతి వెనక సంస్కృత నీతిశ్లోకాల సంప్రదాయం ఉంది. మంచిమాట ఎక్కడ దొరికినా తెచ్చుకోవడానికి ఇద్దరూ సిగ్గుపడలేదు. తెలుగు క్రైస్తవ ఇళ్లలో పెరిగిన ఎందరో పిల్లలు బడిలో సుమతిని, సండే స్కూల్లో సామెతలను వల్లెవేశారు. వాళ్లకు ఈ పోలిక కొత్తేమీ కాదు.

క్రైస్తవులు శోధన అని పిలిచే ప్రలోభాన్ని సామెతలు ఎలా చూపిస్తాయో ఏడో అధ్యాయం చదివితే తెలుస్తుంది. ఇంటి కిటికీలోంచి ఒకరు వీధిలోకి చూస్తుంటారు. పొద్దు గూకి చీకటి పడుతోంది. ఒక కుర్రవాడు పరాయివాడి భార్య ఇల్లున్న మలుపు వైపు నడుస్తుంటాడు. ఆమె ఎదురొచ్చి మాట కలుపుతుంది: ఇవాళే మొక్కు చెల్లించాను, మంచం మీద ఈజిప్టు దుప్పటి పరిచాను, సుగంధాలు చల్లాను, మగడు డబ్బుసంచీ పట్టుకుని దూరదేశం వెళ్లాడు, పున్నమికిగాని రాడు. ఒక్కొక్క మాటా అతనిలోని ఒక్కొక్క జంకును తీసేస్తుంది. మొక్కు మాటతో పాపభీతి పోతుంది, ప్రయాణం మాటతో దొరికిపోతామన్న భయం పోతుంది. అతను ఆమె వెంట నడిచేసరికి అంతా అయిపోయింది. నిజానికి ఆ సంజెవేళ ఆ వీధి మలుపు తిరిగినప్పుడే అతను చిక్కాడు. ఈ అధ్యాయంలోని లోతంతా అక్కడే ఉంది. తప్పు గదిలో జరగవచ్చు, కానీ ఎంచుకోవడం అంతకు చాలా ముందు, ఏ తప్పూ లేనట్టు కనిపించే నడకలో జరిగిపోతుంది. 23వ అధ్యాయంలో తాగుబోతు మాటలూ ఇంతే నిజంగా ఉంటాయి. కొట్టినా నొప్పి తెలియలేదని, మెలకువ రాగానే మళ్లీ తాగాలని అతను తనలో తాను అనుకునే మాటలను పక్కన కూర్చుని విన్నట్టు రాశారు.

సుమతి ఇదే విషయానికి వస్తే సుంకరిని, జూదరిని, వెలయాలిని ఒకే పద్యంలో చేర్చి నమ్మొద్దంటుంది. ఎవరితో జాగ్రత్తో చెప్పింది. మోసపోయేవాడి మనసులో ఏం జరుగుతుందో చెప్పలేదు. దీన్ని లోపమనుకోను. కందపద్యం అవసరమైన క్షణంలో నాలుక మీదికి వస్తుంది, కథంతా చెప్పే అధ్యాయం రాదు. సంతలో బేరం చేస్తున్నవాడికి తలుచుకోగానే గుర్తొచ్చే మాట కావాలి.

అప్పు విషయంలో ఈ తేడా ఇంకా పదునుగా తెలుస్తుంది. కాపురం ఉండదగిన ఊరికి ఏమేం కావాలో చెప్పే సుమతి పద్యం అప్పిచ్చేవాడితోనే మొదలవుతుంది; వైద్యుడు, ఎండని ఏరు ఆ తర్వాత. వానను నమ్ముకుని సేద్యం చేసేవాళ్ల నేల నుంచి వచ్చిన తెలివి ఇది. జూన్‌లో విత్తనాలకు చేతిలో పైకం లేని రైతు దాన్ని ఈనాటికీ కాదనడు. అప్పుచేసి ఆర్భాటం చెయ్యడం చేటని మరోచోట చెప్పి సుమతి హద్దు కూడా గీసింది. సామెతలు మాత్రం అప్పు తీసుకున్నవాడు అప్పిచ్చినవాడికి దాసుడని తేల్చేస్తాయి. అంతకన్నా గట్టిగా, మళ్లీ మళ్లీ, ఇంకొకరి అప్పుకు హామీ ఉండొద్దని హెచ్చరిస్తాయి. ఒకవేళ ఇప్పటికే ఒప్పుకుని ఉంటే కంటికి కునుకు పట్టనియ్యకుండా వెళ్లి, తగ్గి, బతిమాలి, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు బయటపడమంటాయి. నీతిగ్రంథాల్లో ఇంత తొందరపెట్టే మాట అరుదు.

మన దగ్గర దీని విలువ రెండుసార్లు తెలిసింది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చినప్పుడు, గుంపుగా అప్పు తీసుకున్న ఆడవాళ్లలో ఒకరు వాయిదా కట్టలేకపోతే ఆ భారం తోటివాళ్ల మీద పడింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదేళ్లకు లోన్ యాప్‌లు వచ్చాయి. అవి ఫోనులోని నంబర్లన్నీ లాక్కుని చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీశాయి. ఏ సంతకమూ పెట్టనివాళ్లు హామీదార్లయ్యారు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆ నంబర్ల జోలికి పోవద్దని నిబంధన పెట్టింది. సుమతిలో అప్పిచ్చేవాడు ఊళ్లోనే ఉంటాడు, రేపు అదే వీధిలో ఎదురుపడాలి. ముఖం లేని అప్పులవాడి కాలంలో సామెతల తొందరే నాకు సరైనదనిపిస్తుంది.

దేవుడి దగ్గర ఇద్దరి దారులూ పూర్తిగా వేరు. అక్కరకు రాని చుట్టంతో పాటు, మొక్కినా వరమియ్యని వేల్పును కూడా సుమతి వెంటనే విడిచిపెట్టమంటుంది. సామెతలు ఈ మాటను ఊహించనైనా ఊహించలేవు; అక్కడ యెహోవాపట్ల భయభక్తులే తెలివికి మొదలు, సొంత తెలివిని ఆధారం చేసుకోవడమే ప్రమాదం.

రెంటిలోనూ మనం ఇవాళ ఒప్పుకోకూడనివి ఉన్నాయి. ఆడదాన్ని అనుమానించే పద్యాలు సుమతిలో ఉంటే, గయ్యాళి భార్యను ముసురు రోజున తెంపులేకుండా కారే చుక్కలతో పోల్చే మాటలు సామెతల్లో ఉన్నాయి. పిల్లలను బెత్తంతో దిద్దాలన్న సామెత వల్ల ఎన్ని వీపులు వాచాయో! పూజ్యగ్రంథమనో పాఠ్యపుస్తకమనో వీటిని సమర్థించడం పిల్లలకు అన్యాయం.

ఎవరి మాటైనా విని, తొందరపడక, నిజమేదో కల్లేదో తేల్చుకొమ్మని సుమతి చెబుతుంది. అలాగే, వ్యాజ్యంలో మొదట మాట్లాడినవాడిది న్యాయంగానే కనిపిస్తుందని, ఎదుటివాడు వచ్చి అడిగేదాకా ఆగమని సామెతలు చెబుతాయి. మూర్ఖుడికి జవాబియ్యవద్దని 26వ అధ్యాయంలో ఒక వచనం అంటే, ఇయ్యమని దాని పక్క వచనమే అంటుంది. కూర్చినవాళ్లు చూసుకోక వదిలేశారనుకోలేను. అప్పటికి తగిన మాట ఆడి, ఒకరిని నొప్పించక, తాను నొవ్వక తప్పుకు తిరగమన్న సుమతి పద్యంలోనూ ఉన్నది ఇదే నమ్మకం: ఏది ఎప్పుడో తేల్చుకోవలసింది చదివేవాడే.

అపకారం చేసినవాడికి ఉపకారం చెయ్యమని ఇద్దరూ అంటారు. ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెడితే యెహోవా ప్రతిఫలమిస్తాడని సామెతలు హామీ ఇస్తాయి. సుమతి ఏ ఫలమూ చూపించదు, అలా చేసేవాడు నేర్పరి అని ఊరుకుంటుంది. ఇక్కడ నా మనసు సుమతి వైపే మొగ్గుతుంది.

ఆగూరు ప్రార్థన దగ్గర మాత్రం సామెతల వైపు మొగ్గుతుంది. పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, ఏ పూటకు చాలినంత ఆ పూటకు ఇయ్యమంటాడు ఆయన. కడుపు నిండితే నిన్ను కాదంటానేమో, లేకపోతే దొంగిలిస్తానేమో అని. అన్ని బుద్ధులు చెప్పిన గ్రంథంలో ఒక గురువు తన మీద తనకు నమ్మకం లేదని బయటపెట్టుకోవడం ఇది. అంతకు ముందే తనకు నరులకుండే తెలివి కూడా లేదన్నాడు. ఆ మాటలను కూర్చినవాళ్లు తీసెయ్యలేదు. సుమతిలో చెప్పేవాడు ఎప్పుడూ ఇలా తడబడడు, శతకం మొత్తానికి ఒకటే గొంతు. శోధనలో పడి లేచిన మనిషి గొంతు తెలుగులో వినాలనుకునేవాడు బద్దెనను దాటి, యవ్వనంలో దారితప్పి తర్వాత యోగి అయ్యాడని జనం చెప్పుకునే వేమన దగ్గరకు వెళ్లాలి.